మా నాయన పేరు మీద తీసుకోని లోను, తెలీని సిమ్ములు. ముందు ఏది చూసుకోవాల?

కొర్లగుంట_కిట్టు:
అందరికీ నమస్తే. మాది తిరపతే, కొర్లగుంటలో నాయనకి చిల్లరంగడి ఉంది. దాన్ని రోంత పెద్దది చేద్దామని బ్యాంకులో లోను అడిగితే మేనేజరు సిబిల్ (మన అప్పుల చరిత్ర రిపోర్ట్) చూసి, మీ పేరు మీద ఇప్పటికే ఒక లోను ఉంది, కంతులు కట్టకుండా ఆగిపోయింది, మేం ఇవ్వలేం అని కాగితాలు చేతిలో పెట్టేసినాడు. మా నాయన చీటీ పాడడం తప్ప ఎవురి దగ్గరా అప్పు చేసిన మనిషి కాదు. రిపోర్ట్ తీయిస్తే ఏదో ఫైనాన్స్ కంపెనీలో సెల్‌ఫోన్ కోసం తీసిన 32 వేల లోను, తీసింది మేం ఎప్పుడూ కాలు పెట్టని ఊర్లో, దాంట్లో ఉన్న ఫోన్ నంబర్ మాది కాదు, అడ్రస్ మాత్రం ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టే దించినారు.

అనుమానం వచ్చి, మన పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూపించే ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో నాయన నంబర్ కొట్టి చూస్తే ఆయన పేరు మీద ఐదు సిమ్ములు చూపిస్తా ఉంది. మాకు తెలిసింది రెండే!

ఇంతలో ఆ కంపెనీ వాళ్ళకి నాయన నంబర్ యాడ దొరికిందో ఏమో, అప్పు వసూలు చేసే రికవరీ వాడు ఫోన్ మీద ఫోన్. "పెద్దాయనా ఒక్క కంతు కట్టేయ్, మిగతాది సెటిల్‌మెంట్ చేసి నీ పేరు క్లియర్ చేస్తాం" అంటాడు. నాయనేమో పోతే పోయిందిలే పరువు ముఖ్యం కట్టేద్దాం అంటాడు, అమ్మేమో పోలీస్ స్టేషన్ అనే మాటే ఎత్తొద్దంటుంది, నడమ నేను. ఆధార్ జెరాక్స్ యాడెక్కడ ఇచ్చినామో లెక్క లేదు, లాడ్జీల్లో, గ్యాస్ ఆఫీసులో, చీటీల ఆఫీసులో, బస్టాండు దగ్గిర గొడుగు కింద సిమ్ములు అమ్మే పిల్లోళ్ళ దగ్గిర. ముందు లోను సంగతి చూసుకోవాల్నా, సిమ్ములు మూయించాల్నా, ఆధార్ సంగతి చూడాల్నా? ఆ ఒక్క కంతు కట్టేస్తే నిజంగా పోతుందా? తెలిసినోళ్ళు చెప్పండి.

బ్యాంకు_బాబాయ్_చిత్తూరు:
కిట్టూ, ముందు మీ నాయన చేతిలో నుంచి ఆ ఫోన్ తీసుకో. ఒక్క కంతు కాదు, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. కట్టినావంటే ఆ లోను నాదే అని ఒప్పుకున్నట్టు, రేపు నువ్వు ఎంత మొత్తుకున్నా "కంతు కట్టినారు కదా" అని వాళ్ళ ఫైల్లో రాసుకుంటారు. సెటిల్‌మెంట్ అంటే ఇంకా అన్యాయం, సిబిల్‌లో సెటిల్డ్, అంటే అప్పు పూర్తిగా కట్టలేదు అని పడుతుంది, దాన్ని చూసినా బ్యాంకోళ్ళు మొహం తిప్పుకుంటారు. నేను ముప్పై ఏండ్లు కౌంటర్ అవతల కూర్చున్నోడిని, ఇట్టా భయపడి కట్టేసి తర్వాత నా దగ్గిరకొచ్చి ఏడ్చినోళ్ళని శానా మందిని చూసినా.

మొదట 1930కి ఫోన్ చెయ్, లేదంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నాయన పేరు మీద కంప్లైంట్ పెట్టు. నిజానికి 1930 అనేది డబ్బు అప్పుడే పోయినప్పుడు పరిగెత్తడానికి, ఎంత తొందరగా చెప్తే అంత తొందరగా అవతలి అకౌంట్లో డబ్బు ఆపుతారు. మీకు డబ్బు పోలేదు కాబట్టి పోర్టల్ చాలు, కానీ అక్కడ వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ భద్రంగా పెట్టుకో, ఇంక ప్రతి చోటా అదే అడుగుతారు. ఇంకొకరి ఐడీతో మోసం చేస్తే ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) యాక్టులో 66సి సెక్షన్, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అమ్మకి చెప్పు, స్టేషన్‌కి పోయేది మనం తప్పు చేసి కాదు, మన పేరుతో తప్పు జరిగిందని రాసివ్వడానికి అని.

తర్వాత ఆ ఫైనాన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టు, రికవరీ వాడితో మాట్లాడొద్దు, వాడికి ఏ అధికారమూ లేదు. మెయిల్లో "ఈ లోను మేం తీసుకోలేదు" అని ఊరుకోకుండా అప్లికేషన్ కాపీ, అప్పుడు తీసిన ఫోటో, సంతకం, ఓటీపీ పోయిన నంబర్, ఫోన్ డెలివరీ ఇచ్చిన అడ్రస్, కంతు కట్ అవ్వాల్సిన బ్యాంకు అకౌంట్ ఎవురిది, ఇవన్నీ ఇవ్వమని అడుగు. ఇదే అసలైన దెబ్బ, ఎందుకంటే ఆ ఫోటోలో మీ నాయన ఉండడు కదా. పోలీస్ కంప్లైంట్ కాపీ జత చెయ్. 30 రోజుల్లో పలకకపోతే, లేదా పలికినా మీకు ఒప్పుకోబుద్ధి కాని జవాబిస్తే, బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఆర్గ్ డాట్ ఇన్‌లో వేయొచ్చు, ఫీజేమీ లేదు, లాయర్ అక్కర్లేదు.

దాంతో పాటే సిబిల్ సైటులో ఈ లోను మాది కాదు అని డిస్ప్యూట్ పెట్టు. సిబిల్ ఒక్కటే కాదబ్బా, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు ఉన్నాయి, నాలుగింట్లోనూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాల. నాలుగూ తీయి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది. డిస్ప్యూట్ పెట్టినాక 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయలు మీకే కట్టాలని ఆర్‌బీఐ రూలు ఉంది, 2024 నుంచి. నూరు రూపాయలకి ఆశపడి కాదు, ఆ రూలు పేరెత్తి మెయిల్ రాస్తే కొంచిం కదులుతారు.

సిమ్ములు కూడా ఈ పూటే. అదే సంచార్ సాథీలో ఆ మూడు నంబర్ల పక్కన నాట్ మై నంబర్ అని టిక్ పెట్టి రిపోర్ట్ కొట్టు. ఆలస్యం చేసే కొద్దీ ఆ నంబర్లతో ఎవుడు ఎవుడికి ఏం ఫోన్ చేస్తాడో, ఆ పాపం మీ నాయన పేరుకే చుట్టుకుంటుంది.

బొరుగుల_పొట్లం:
నేను బస్టాండు పక్క లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేసేవాడిని, ఇప్పుడు మానేసినా కాబట్టి చెప్తా ఉన్నా. రోజూ వందల్లో ఆధార్ జెరాక్సులు వస్తాయి, అవన్నీ ఏమవుతాయనుకుంటున్నారు? కొన్నాళ్ళు రాక్‌లో దుమ్ము పడతాయి, తర్వాత పాత పేపర్లతో కలిపి కేజీల లెక్కన వేసేస్తారు. ఒకసారి గాంధీ రోడ్డులో బొరుగులు కొనుక్కుని పొట్లం విప్పితే లోపల ఎవరో పెద్దావిడ ఆధార్, ఫోటోతో సహా, మీద మసాలా మరక. అప్పట్నుంచి నా పేరు ఈడ ఇదే.

2022లో ఒకసారి ఆధార్ వాళ్ళ బెంగళూరు ఆఫీసే జెరాక్స్ ఎవరికీ ఇవ్వొద్దు, నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటన ఇచ్చింది. ఆ రెండు రోజులూ కస్టమర్లు కౌంటర్ దగ్గిర ఆ వార్త చూపించి నాతో ఒకటే గొడవ, మూడో రోజుకి ప్రభుత్వం ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది, జనాలు తప్పుగా అర్థం చేసుకుంటారని. కానీ మాస్క్‌డ్ ఆధార్ మాత్రం ఇప్పటికీ ఉంది, మైఆధార్ సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ కావాలా అని అడుగుతుంది, టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెలు కనపడవు. లాడ్జిలో అది చాలు, ఎవడైనా ఒప్పుకోకపోతే పక్కదానికి పోవడమే, మనూర్లో లాడ్జీలకి కరువా!

కాదూ కూడదు జెరాక్సే కావాలంటే దాని మీద అడ్డంగా, ఫోటో మీదకి, నంబర్ మీదకి వచ్చేట్టు "ఫలానా లాడ్జి రూము కోసం మాత్రమే" అని తేదీ వేసి రాసి సంతకం పెట్టండి. మూలన చిన్నగా రాస్తే లాభం లేదు, కత్తిరించి మళ్ళీ జెరాక్స్ తీస్తారు. ఇంకోటి, జెరాక్స్ అంగట్లో వాట్సాప్‌కి పంపి ప్రింట్ తీయించుకుంటాం కదా, ఆ ఫైలు వాడి కంప్యూటర్లో అట్టే ఉండిపోతుంది, ఎదురుగా నిలబడి డిలీట్ చేయించండి.

పాకాల_పద్మ:
బొరుగులన్న చెప్పింది బాగుంది గానీ జెరాక్స్‌తోనే సిమ్ము రాదు కదన్నా, ఎక్కువగా వేలిముద్ర అడుగుతారు. కిట్టూ తమ్ముడూ, నాకైతే అనుమానం ఆ గొడుగు కింద పిల్లోళ్ళ మీదనే. మా మామకి ఇట్టే జరిగింది, సిమ్ము తీసుకుంటా ఉంటే "వేలు సరిగ్గా పడలేదు తాతా, రోంత గట్టిగా పెట్టు" అని రెండోసారి పెట్టించినాడంట. మొదటిది పడింది, రెండోదానితో ఇంకో సిమ్ము లేపినాడు, అది ఎవరికో అమ్ముకున్నాడు. పెద్దోళ్ళ వేళ్ళు నిజంగానే అరిగిపోయి ఒక్కోసారి పడవు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే కంపెనీ షోరూంలో తప్ప బయట తీయొద్దు, రెండోసారి వేలు పెట్టమంటే మొదటిది ఎందుకు పడలేదో స్క్రీన్ చూపించమనండి.

వేలు పెట్టకపోయినా జరిగింది ఒకసారి. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ముల డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ ఆఫీసు డాక్యుమెంట్ల మీద ఉండే వేలిముద్రల్ని దించి రబ్బరు ముద్రలు చేసి వేల సిమ్ములు యాక్టివేట్ చేసి పట్టుబడినాడు. స్థలం కొన్న పాపానికి!

కానీ నేను రాద్దామని వచ్చింది ఇంకో సంగతి. ఇప్పుడు మీ నాయనకి తన పేరు మీద దొంగ సిమ్ములు ఉన్నాయని తెలిసిపోయింది కదా. రేపు ఎవడో వాట్సాప్ వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "నీ ఆధార్‌తో తీసిన సిమ్ముతో మనీ లాండరింగ్ జరిగింది, నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావ్, గది దాటొద్దు, ఇంట్లో చెప్పొద్దు, వెరిఫికేషన్ కోసం డబ్బంతా ఈ అకౌంట్‌కి వెయ్" అంటే మామూలు మనిషి అయితే నాకేం తెలీదు పోరా అంటాడు, మీ నాయన మాత్రం నమ్మేస్తాడు, ఎందుకంటే వాడు చెప్పేదాంట్లో సగం నిజం. తిరుచానూరులో మాకు తెలిసిన రిటైర్డ్ టీచరమ్మని ఇట్టే రాత్రంతా కెమెరా ముందు కూర్చోబెట్టినారు, పొద్దున పాలబ్బాయి గట్టిగా తలుపు కొట్టబట్టి సరిపోయింది. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేనే లేదు, 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పినాడు. నిజం పోలీసులు వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, డబ్బు పంపమనరు. ఈ మాట నువ్వు నాయనకి కూర్చోబెట్టి ముందే చెప్పు, కంప్లైంట్ పెట్టిన రోజే చెప్పు. కంప్లైంట్ పెట్టినాక "సైబర్ సెల్ నుంచి, మీ కేసు క్లియర్ చేయడానికి ఫీజు" అని కూడా ఫోన్లు వస్తాయి, అదీ దొంగే.

కొర్లగుంట_కిట్టు:
పద్మక్కా నువ్వు చెప్పినాక గుర్తొచ్చి అడిగితే నాయన కూడా అదే అంటా ఉన్నాడు, సిమ్ము పోర్ట్ చేయించినప్పుడు రెండు మూడు సార్లు వేలు పెట్టించినారంట. బాబాయ్ గారూ, పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టేసినా, సిమ్ములకి రిపోర్ట్ కొట్టేసినా, రెఫరెన్స్ నంబర్ వచ్చింది. ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ ఈ రాత్రికి రాస్తా. ఇంక ఆధార్ బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్ర ఎవురూ వాడకుండా మూసేయమని ఎవరో చెప్పినారు, చేస్తే రేషన్ అంగట్లో వేలు పడదు కదా? అమ్మ ఒప్పుకోదు, బియ్యం ఆగిపోతే నన్ను చంపుతుంది. ఇంకా బస్టాండు గోడ మీద "సిబిల్ క్లీన్ చేయబడును" అని పోస్టర్లు ఉన్నాయి, వాళ్ళ దగ్గిరకి పోతే పని తొందరగా అవుతుందా?

బ్యాంకు_బాబాయ్_చిత్తూరు:
ఆ పోస్టర్ వాడి దగ్గిరకి పోతే పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ అడుగుతాడు, ఇప్పుడు ఒక లోను ఉంది, రేపటికి రెండు అవుతాయి. నువ్వు ఫ్రీగా పెట్టిన డిస్ప్యూట్‌నే వాడు డబ్బు తీసుకుని పెడతాడు, అంతకు మించి వాడి చేతిలో ఏం లేదు.

లాక్ తప్పకుండా చెయ్. ఆధార్ యాప్‌లో లేదా మైఆధార్ సైటులో చేయొచ్చు, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. లాక్‌లో ఉన్నప్పుడు ఎవుడు వేలు పెట్టినా, రబ్బరు వేలు పెట్టినా, 330 అని ఎర్రర్ కొడుతుంది. రేషన్‌కి పోయినప్పుడు అంగడి ముందు నిలబడి యాప్‌లో టెంపరరీ అన్‌లాక్ కొడితే పది నిమిషాలు తెరుచుకుంటుంది, మళ్ళీ అదే మూసుకుంటుంది. క్యూ పెద్దగా ఉంటే మీ వంతు వచ్చేటప్పుడు కొట్టండి, ముందే కొట్టి నిలబడితే టైం అయిపోయి డీలర్‌తో గొడవ. ఇంట్లో ఎవరికైనా పెన్షన్ ఉంటే నెలనెలా సచివాలయం వాళ్ళు వచ్చినప్పుడు కూడా అంతే.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తా ఉన్నానంటే ఏఈపీఎస్ అని ఒకటి ఉంది, ఊర్లల్లో చిన్న మిషన్ పెట్టుకుని వేలు పెడితే డబ్బిస్తారు చూడు, అది. దానికి ఓటీపీ లేదు, పిన్ లేదు. ఆధార్ నంబర్, ఏ బ్యాంకు అనేది, వేలిముద్ర, ఈ మూడే. ఒకసారికి 10 వేల దాకా లాగొచ్చు. మెసేజ్ వచ్చినా అంగట్లో బేరంలో ఉండి చూసుకోం. నాయన పాస్‌బుక్ ఎంట్రీ వేయించు, ఏఈపీఎస్ అని ఎక్కడైనా ఉంటే అడుగు. అట్టా పోయినట్టు ఉంటే మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వాడి వల్ల పోయింది కాబట్టి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లో బ్యాంకుకి రాసిస్తే నష్టం మన మీద పడదు, పది పని దినాల్లో అకౌంట్‌లో వెనక్కి వేయాలని 2017లో ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది. మనమే ఓటీపీ చెప్పి పోగొట్టుకుంటే మాత్రం ఆ రూలు మనల్ని కాపాడదు, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మనదే. కౌంటర్లో ఈ సర్క్యులర్ పేరెత్తితే కొందరు తెలీనట్టు చూస్తారు, రాతపూర్వకంగా ఇచ్చి కాపీ మీద సీలు వేయించుకో.

మైఆధార్‌లోనే అథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది, ఆరు నెలల్లో ఆ ఆధార్‌ని ఎవురు ఎప్పుడు వాడినారో తేదీలతో వస్తుంది. అది తీసి ప్రింట్ పెట్టుకో, సిమ్ములు ఆ మధ్యలోనే తీసుంటే పోలీసులకి పనికొస్తుంది.

ఎస్వీయూ_సీనియర్:
కొంచెం పక్కదారి, కానీ ఈడ చదివే పిల్లలు ఉంటే చూడండి. ఇట్టాంటి దొంగ సిమ్ములతో, లోన్లతో కొట్టేసిన డబ్బు పోయేది ఎవడి అకౌంట్‌కి అనుకుంటున్నారు? మా హాస్టల్లో ఒకడు "పాస్‌బుక్, ఏటీఎం, సిమ్ము ఇస్తే కమిషన్" అంటే ఇచ్చినాడు, పార్ట్‌టైం జాబ్ అన్నారంట. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు, అకౌంట్ ఫ్రీజ్, స్కాలర్‌షిప్ దాంట్లోనే పడింది, తీయలేడు. వాళ్ళ నాన్న మదనపల్లి నుంచి టమాటా అమ్ముకున్న డబ్బుతో లాయర్ దగ్గిరకి తిరుగుతా ఉన్నాడు. అకౌంట్ మనది అయితే కేసులో మొదటి పేరు మనదే.

అలిపిరి_అనసూయ:
ఇంకోటి నేను కలుపుతా, మా బంధువులు బయట ఊర్ల నుంచి ఫోన్ చేసి అడిగేది ఇదే. దర్శనం టికెట్లు ఇప్పిస్తాం, రూము ఇప్పిస్తాం అని గూగుల్లో కనపడే నంబర్లకి అందరి ఆధార్ ఫోటోలూ వాట్సాప్ చేసేస్తారు, డబ్బూ పోతుంది, ఆధార్లూ పోతాయి. 300 రూపాయల దర్శనం టికెట్ అయినా, విరాళం ఇచ్చి తీసుకునే శ్రీవాణి టికెట్ అయినా, రూములైనా ఆన్‌లైన్‌లో టీటీడీ సైటులోనే చూడండి, టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. బుకింగ్ సైటు చివర డాట్ గవ్ డాట్ ఇన్ లేకపోతే అది దేవుడిది కాదు. డౌట్ ఉంటే 155257కి చేయండి. దర్శనం పేరుతో ఏపీకే ఫైలు (ప్లేస్టోర్‌లో కాకుండా బయట నుంచి వచ్చే యాప్) పంపి ఇన్‌స్టాల్ చేసుకోమన్నా చేయొద్దు, ఫోన్‌లో మెసేజులన్నీ వాడి చేతికి పోతాయి.

మా అవ్వ సంగతి అడగాల. ఆమెకి ఫోనే లేదు, ఆధార్‌కి ఏ నంబరూ లింక్ లేదు. మరి లాక్ ఎట్టా చేయాల?

బ్యాంకు_బాబాయ్_చిత్తూరు:
అవ్వని ఒకసారి ఆధార్ సెంటర్‌కి తీసుకుపో, ఏ నంబరూ లేనోళ్ళకి మొదటిసారి లింక్ ఆన్‌లైన్‌లో అవ్వదు. సచివాలయాల్లో కూడా కొన్నిచోట్ల ఆధార్ సెంటర్ ఉంటుంది, ముందే కనుక్కుని పోండి, పెద్దామెని ఎండలో తిప్పొద్దు. నీ నంబరే ఇవ్వొచ్చు, ఇంట్లో ఎవరిదైనా పర్లేదు, కానీ మార్చే నంబర్ ఇవ్వొద్దు. రెండు మూడేళ్ళకి సిమ్ము పారేసి కొత్తది తీసుకుంటే పాత నంబర్ ఇంకొకరికి పోతుంది, అవ్వ ఓటీపీలు వాళ్ళకి పోతాయి. లింక్ అయినాక నీ ఫోన్‌లోనే లాక్ కొట్టు, పెన్షన్ రోజు మాత్రం నువ్వు ఊర్లో లేకపోయినా ఫోన్‌లో అందుబాటులో ఉండు, వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అన్‌లాక్ కొట్టాల.

కిట్టూ, ఆ కంపెనీ నుంచి జవాబు వస్తే ఈడ పెట్టు, పేరు కొట్టేసి పెట్టు. వాళ్ళు ఏ ఫోటో పంపుతారో చూద్దాం.